కొత్త కెమెరాకు ఆగాలా? పాతది కొనాలా?

ఈ నాలుగైదేళ్ళుగా మన పిల్లల చేతుల్లో ఒక వింత కెమెరా కనబడుతోంది. చూడటానికి మన నాన్నల కాలం నాటి యాషికాలా ఉంటుంది. పైన వెండిరంగు మూత, చుట్టూ నల్లటి తోలు, వేళ్ళతో తిప్పడానికి రెండు మూడు చక్రాలు, మూలన చిన్న గాజు కిటికీ. రీలు ఎక్కడ వేస్తారా అని వెనక్కి తిప్పి చూస్తే బుల్లి తెర ఒకటి వెలుగుతుంది. దాని పేరు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100. ధర విన్నవాళ్ళు ముందు కుర్చీ వెతుక్కుంటారు, ఎందుకంటే కొత్తది మన దేశంలో లక్షన్నర పైమాటే. ఇందులో 2011 నుంచి 2024 దాకా ఆరు మోడళ్ళు వచ్చాయి. పాతవి ఒకరు వాడి అమ్మినవి దొరుకుతున్నాయి. "అంకుల్, పాతది తీసుకోమంటారా, కొత్తదానికి ఆగమంటారా?" అని పండగ కార్యక్రమాల్లో కనబడిన పిల్లలు నన్ను అడుగుతున్నారు.

నేను ఫొటోగ్రాఫర్ని కాను. బీకాం చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అప్పుల కాగితాలు చూస్తున్నవాణ్ణి. అయితే ఈ బేరం మా ఇంట్లోనే ఒకటి జరిగింది. అది కొంచెం తొందరలో, గడువు తరుముతుండగా జరిగిన బేరం. ఆ సందర్భంలో తెలుసుకున్న సంగతులు నలుగురికీ ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి, లేకపోతే దుకాణంలో తికమక పడతారు. మొదటిది ఉత్త ఎక్స్100. జర్మనీలోని కొలోన్ నగరంలో జరిగిన ఫొటోకినా ప్రదర్శనలో 2010 సెప్టెంబరులో చూపించి, 2011లో అమ్మకానికి పెట్టారు. పెట్టీ పెట్టకముందే మార్చి 11న జపాన్‌లో పెద్ద భూకంపం వచ్చి, ఆ కెమెరా తయారయ్యే మియాగి ప్రాంతపు కర్మాగారం కొన్నాళ్ళు మూతపడింది. అంటే ఈ కెమెరా కోసం ఎదురుచూడటం అనేది పుట్టుకతోనే వచ్చిందన్నమాట. 2013లో ఎస్ వచ్చింది, అంటే సెకండ్ అని చెప్పుకుంటారు. 2014లో టి, థర్డ్. 2017లో ఎఫ్, ఫోర్త్. అయిదోదానికి ఫిఫ్త్ అని పెడదామంటే అదీ ఎఫ్‌తోనే మొదలవుతుంది! అంచేత 2020లో వచ్చినదానికి రోమన్ అయిదు, అంటే వి, తగిలించారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆరోదానికి ఆ వి పక్కన ఒక నిలువు గీత చేరింది. దాన్ని ఈ వ్యాసంలో 'ఆరు' అనే అంటాను.

ఆరింటికీ కొన్ని గుణాలు ఉమ్మడి. లెన్సు ఊడిరాదు, మార్చుకోవడం లేదు. జూమ్ అసలే లేదు. దగ్గరగా కావాలంటే నడిచి వెళ్ళాలి. బీదరు ఎయిర్‌ఫోర్స్ స్టేషను నుంచి లేచే హాక్ శిక్షణ విమానాలను దీనితో తీద్దామని సరదా పడితే ఆకాశంలో ఈగ కనబడుతుంది. అలాంటి కోరిక ఉన్నవారు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి వేరే కెమెరా చూసుకోవడం మేలు.

మరి ఫోను ఉండగా ఇదెందుకు? నిజాయితీగా చెప్పాలంటే చాలామందికి అక్కర్లేదు. ఫోను లెన్సు ఎక్కువ మేర పట్టుకునేది కావడంతో మనిషి దగ్గరికి వెళ్ళి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఈ కెమెరా లెన్సు 23 మిల్లీమీటర్లది, పాత రీలు కెమెరా లెక్కల్లో 35తో సమానం. మన కన్ను మామూలుగా చూసే తీరుకు దగ్గరగా ఉంటుంది. లోపలి సెన్సరు మామూలు ఫోనులో ఉండేదానికంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి మసక వెలుతురులో పనిచేస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది దాని షట్టరు. లెన్సులోపలే ఉండే రేకుల షట్టరు కావడంతో చప్పుడు దాదాపు ఉండదు. ఫోను ఎత్తితే బిగుసుకుపోయే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? వాళ్ళకు తెలియకుండా పని అయిపోతుంది.

ఇక మా ఇంటి సంగతి. మా తాతగారి ఊరు జహీరాబాదు దగ్గర. ఆ రోజుల్లో అదీ బీదరు జిల్లాలోదే. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు జహీరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు పోయింది, బీదరు మైసూరుకు వచ్చింది. మా పొలం అటు, నాన్నగారి ఉద్యోగం ఇటు. నాన్నగారు నౌబాదులో ఇల్లు కట్టి ఇక్కడే స్థిరపడ్డారు. ముందు అరుగు, మధ్యలో చిన్న వాకిలి, వెనక వంటిల్లు. ఆ ఇంటికి ఉన్న పాత ఫొటో ఒకే ఒక్కటి, నాన్నగారు ఆగ్ఫా క్లిక్ త్రీతో తీసింది. రీలుకు పన్నెండే బొమ్మలు వచ్చే కాలం. పన్నెండులో ఒకటి ఇంటికి ఖర్చు పెట్టడమే గొప్ప. అందులోనూ ఎండ ఎదురుగా పడి గుమ్మం నల్లగా వచ్చింది.

ఆ ఇల్లు అమ్మేద్దామని అన్నదమ్ములం, అక్కయ్య కలిసి 2024 ఉగాదికి తేల్చుకున్నాం. గోడలు చెమ్మ పట్టాయి, బాగుచేయించే ఓపిక ఎవరికీ లేదు. కొన్నాయన పడగొట్టి కట్టుకుంటానన్నాడు. దీపావళి వెళ్ళాక అప్పగించాలని మాట. అప్పటికి అమ్మకు ఎనభై మూడేళ్ళు. మా తమ్ముడి కూతురు హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరింది. "పెద్దనాన్నా, ఆ ఇంట్లో నాయనమ్మను ఫొటోలు తీయాలి, పెట్టుకుంటే కొత్త ఎక్స్100 పెట్టుకుంటా" అంది. హైదరాబాదులో ఒక దుకాణంలో పేరు రాయించింది. కెమెరా ఎప్పుడు వస్తుందంటే వాళ్ళ దగ్గర జవాబు లేదు. ప్రపంచమంతా అదే వరస. ఫిబ్రవరిలో కెమెరా ప్రకటించిన రోజు నుంచే తయారీకంటే అడిగేవాళ్ళు చాలా ఎక్కువ.

గులాం యజ్దానీగారు నిజాం ప్రభుత్వంలో పురావస్తు శాఖ చూసినవారు. బీదరు చరిత్ర, కట్టడాల మీద 1947లో పెద్ద పుస్తకం అచ్చయింది ఆయనది. కోట, మదర్సా, అష్టూరు సమాధులు, అన్నిటి ఫొటోలూ అందులో ఉన్నాయి. రాజుల ఇళ్ళకు అలాంటివారు దొరికారు. మన అరుగులూ వంటిళ్ళూ మనమే తీసుకోవాలి, అవి ఉన్నప్పుడే తీసుకోవాలి. అమ్మాయి పట్టుదల నాకు సబబుగానే తోచింది. లక్షన్నర మాత్రం సబబుగా తోచలేదు. అందుకని కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

2011లో మొదటి కెమెరా అమెరికాలో 1,200 డాలర్లు. 2020లో వి 1,399. 2024లో ఆరు 1,599. పదమూడేళ్ళలో పెరిగింది మూడో వంతు మాత్రమే. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇదేమంత పెరుగుదల కాదు. కాని 2011లో డాలరు సుమారు 45 రూపాయలు, 2024 మొదట్లో సుమారు 83. ఆ చొప్పున కడితే ఆనాటి 54,000 రూపాయల వస్తువు ఈనాడు 1,32,000 దాటింది. దాని మీద పన్నులు, రవాణా, వగైరా. కాబట్టి మనం ఎక్కువగా కట్టే డబ్బులో కెమెరా మెరుగుపడినందుకు పోయేది కొంతే, రూపాయి తరిగినందుకు పోయేది అంతకంటే ఎక్కువ.

రెండో లెక్క ఇంకా తమాషా. యంత్రానికి ఏటా నూటికి పదిహేను తరుగు తీసేయడం మా చదువులో నేర్పిన పద్ధతి. 2020లో 1,399 డాలర్లకు కొన్న వి మూడేళ్ళకు పుస్తకాల్లో 860 డాలర్ల దగ్గర ఉండాలి. 2023లో బజారులో వాడిన వి కొన్న ధరకంటే ఎక్కువకు అమ్ముడుపోయింది! కారణం కెమెరాలో లేదు. మన దేశంలో 2020లోనే నిషేధించిన టిక్‌టాక్‌లో బయటి దేశాల కుర్రకారు దీన్ని మెడలో వేసుకుని వీడియోలు పెట్టారు. పాత రీలు రంగులు వస్తాయన్న పేరు పాకింది. తయారైనవి చాలలేదు. ముప్పై ఏళ్ళు తాకట్టు వస్తువులకు వెలకట్టిన అనుభవంతో చెబుతున్నాను, మోజు మీద పెరిగిన ధరను ఆస్తి కింద లెక్క వేయకూడదు. వాడిన వి ధర కొత్త ఆరు ధరకు దగ్గరగా చెబితే ఆ బేరం వదిలేయండి. కాస్త కలిపి గ్యారంటీ ఉన్న కొత్తదే తీసుకోవచ్చు.

రీలు రంగుల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. ఫ్యూజీ కంపెనీ 1934లో పుట్టింది ఫిల్ము తయారు చేయడానికే. వెల్వియా, ప్రోవియా, ఆక్రోస్ వంటి తమ రీళ్ళ రంగుల తీరును వాళ్ళు కెమెరాలో మీటలుగా పెట్టారు. ఆరులో ఇలాంటివి ఇరవై ఉన్నాయి. పాతవాటిలో తక్కువ. టిలో క్లాసిక్ క్రోమ్ చేరింది, ఎఫ్‌లో నలుపు-తెలుపు ఆక్రోస్, విలో క్లాసిక్ నెగెటివ్, ఆరులో రియాలా ఏస్. పిల్లలు కొత్తదానికి ఎగబడటానికి సగం కారణం ఇవే. నా మట్టుకు నాకు ఇరవైలో మూడు చాలు. ఊటీలోని హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' నలుపు-తెలుపు రీళ్ళతో పెరిగినవాళ్ళం, మనకు ఆక్రోస్ ఒక్కటున్నా పండగే.

అసలు తేడాలకు వద్దాం. మెగాపిక్సెళ్ళు మొదటిదాంట్లో 12, ఎస్, టిలలో 16, ఎఫ్‌లో 24, విలో 26, ఆరులో 40. అంకెలు చూసి బెదరకండి. ఫొటోను అచ్చువేసేటప్పుడు అంగుళానికి 300 చుక్కలు లెక్క వేస్తే మొదటి కెమెరా బొమ్మ 14 అంగుళాల వెడల్పు వస్తుంది. ఎఫ్ బొమ్మ 20 అంగుళాలు, ఆరు బొమ్మ దాదాపు 26. మన ఆల్బంలో పుట పన్నెండు అంగుళాలు, పెద్దది పద్దెనిమిది. గోడకు పటం కట్టించినా ఎఫ్ సరిపోతుంది. పిక్సెళ్ళు పెరిగేకొద్దీ కార్డూ కంప్యూటరూ కూడా పెద్దవి కావాలి, ఆ ఖర్చు ఎవరూ చెప్పరు.

లెన్సు సంగతి ఇంకా ముఖ్యం. మొదటిదాని నుంచి ఎఫ్ దాకా నాలుగింటికీ ఒకటే లెన్సు. దగ్గరి వస్తువును లెన్సు పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్2 దగ్గర, తీస్తే కాస్త మెత్తగా, పొగమంచు పట్టినట్టు వస్తుంది. ఎఫ్4కు మూస్తే పదునెక్కుతుంది. విలో లెన్సును మళ్ళీ రూపొందించి ఆ లోటు చాలావరకు తీర్చారు. ఆరులోనూ అదే లెన్సు. విలో వెనకతెర పైకీ కిందికీ వంగుతుంది. విడిగా కొనుక్కోవలసిన రింగు, ఫిల్టరు తొడిగితే జల్లులకు, దుమ్ముకు తట్టుకుంటుంది. బదులుగా ఎఫ్‌లో ఉన్న నాలుగు దిక్కుల మీట విలో తీసేశారు. కొత్తదనం పేరుతో ఉన్నది పీకేయడం ఏమిటో నాకు అర్థం కాదు. నాబోటి కళ్ళజోడువాళ్ళకు మాత్రం ఎఫ్ కంటే వి గాజుకిటికీ హాయిగా ఉంటుంది.

బ్యాటరీ గురించి దుకాణాలవాళ్ళు చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మొదటి మూడింటిదీ ఒక రకం, ఎన్‌పి-95. ఎఫ్, వి, ఆరు, ఈ మూడింటిదీ ఇంకొక రకం, ఎన్‌పి-డబ్ల్యు126ఎస్. ఇది ఆ కంపెనీ ఇప్పటి కెమెరాల్లోనూ నడుస్తోంది. అంటే ఎఫ్ కొన్నవాడికి రేపు బ్యాటరీ దొరకదన్న భయం తక్కువ. పాతవాటిలో ఎఫ్‌ను నేను ఒక మెట్టు పైన పెట్టడానికి ఇదొక పెద్ద కారణం.

ఆరులో వచ్చిన అసలు గొప్ప మార్పు, చేయి వణికినా బొమ్మ చెదరకుండా సెన్సరే కదిలి సర్దుకునే ఏర్పాటు. వెనకటి అయిదింటిలోనూ ఇది లేదు. దీని విలువెంతో మన బీదరులో సులువుగా తెలుస్తుంది. కోటలో రంగీన్ మహల్ ఉంది కదా, నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన పనితనం, లోపల వెలుతురు అంతంత మాత్రం. ముక్కాలి స్టాండు తీసుకెళితే పురావస్తు శాఖవారి అనుమతి కావాలి. చేత్తో పట్టుకుని తీయాలంటే ఎఫ్‌లో ఐఎస్ఓ బాగా పెంచాలి, బొమ్మలో ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. ఆరు అయితే అరసెకను పట్టి ఉంచినా గోడ నిలకడగా వస్తుంది. మా నౌబాదు కరేజ్ కూడా అంతే. బహమనీల కాలంలో నేల కింద నీటికోసం తవ్విన సొరంగం అది. మధ్యమధ్య గాలికీ వెలుతురుకూ పైదాకా నిలువు బావులు ఉంటాయి. గత దశాబ్దంలో పూడిక తీశాక మళ్ళీ లోకానికి తెలిసింది. ఆ బావి గట్టున నిలబడి లోపలికి తీయాలంటే పైన మండే ఎండ, అడుగున చీకటి. అలాంటి చోట కొత్తదానిదే పైచేయి.

బిద్రి సామాను మాట వేరు. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, కోటమట్టితో కాచి నలుపెక్కించే మన ఊరి పనితనం. 2006లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కెమెరాలన్నీ బిద్రి దగ్గర బోల్తా పడతాయి. ఎదురుగా అంతా నలుపే కనబడేసరికి చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తాయి. నలుపు కాస్తా బూడిదరంగు అవుతుంది, వెండి తెల్లగా పేలిపోతుంది. కుడివైపు మూలనున్న చక్రాన్ని ఒక గీత తక్కువకు తిప్పాలి, అంతే. ఆ చక్రం ఆరు మోడళ్ళలోనూ ఉంది. ఇక్కడ లక్షన్నర కెమెరా చేసేది పాతదీ చేస్తుంది.

మరి మనుషుల మాట? ఇక్కడే మా బేరం తేలింది. వణుకు ఆపే ఏర్పాటు మన చేతి కదలికను ఆపుతుంది కాని ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. అమ్మ వంటింట్లో జొన్నరొట్టె తట్టేటప్పుడు ఆ చేతులు ఆగవు. అవి స్పష్టంగా రావాలంటే షట్టరు సెకనులో నూట ఇరవయ్యో వంతు అయినా ఉండాలి. అది ఎఫ్‌లోనైనా ఆరులోనైనా ఒకటే. గోడలకు, శిల్పాలకు కొత్తది మేలు. కదిలే మనుషులకు పాతదీ కొత్తదీ దాదాపు సమానం. మాకు కావలసింది మనిషి, కాలం తక్కువ. ఆగస్టు వచ్చింది, దుకాణం నుంచి కబురు రాలేదు. "ఇంకో నెల చూద్దాం" అని అమ్మాయి అంది. "కెమెరా వచ్చే నెలైనా వస్తుంది, ఇల్లు దీపావళి తర్వాత రాదు" అన్నాను. వాళ్ళ ఆఫీసులో ఒకతను కొత్తదానికి మారదామని తన ఎఫ్ అమ్ముతున్నాడు. కొత్తదాని ధరలో సగానికి కాస్త తక్కువగా బేరం కుదిరింది.

వాయిదాల మీద కొత్తదే తీసుకోవచ్చు కదా అని మా తమ్ముడు అన్నాడు. వడ్డీ లేని వాయిదా అని రాస్తారు గాని ప్రాసెసింగు రుసుము ఉంటుంది, వడ్డీని తగ్గింపుగా చూపించినా దాని మీద జీఎస్టీ మాత్రం కట్టించుకుంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది పిల్లలకు సరదా వస్తువు మీద అప్పు అలవాటు చేయకూడదని నా అభిప్రాయం. బ్యాంకువాడినై ఉండి అప్పు వద్దంటున్నానని నవ్వకండి.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అమ్మాయి రెండు వారాలకొకసారి శుక్రవారం రాత్రి బండెక్కి వచ్చింది. అమ్మ పీట మీద కూర్చుంటుంది. ఎఫ్‌కు తెర వంగదు కాబట్టి ఆమె ఎత్తుకు తీయాలంటే తీసేవాళ్ళు నేల మీద చతికిలబడాలి. పాతికేళ్ళ పిల్లకు పరవాలేదు, నా మోకాళ్ళయితే వి కావాలని మొరపెట్టేవి. వంటింటి కిటికీలోంచి ఉదయం ఏడున్నరకు పడే ఎండ, పెనం మీద పొగ, అమ్మ మణికట్టు మీద పచ్చబొట్టు, అరుగు మీద నాన్నగారి కుర్చీ కాళ్ళు అరగదీసిన నాలుగు గుంతలు. ఆ గుంతలను నేను ఏనాడూ చూడలేదు, ఫొటోలో చూశాను. దగ్గరగా తీసిన ముఖాలు పూర్తి తెరుపు దగ్గర కాస్త మెత్తగానే వచ్చాయి. ఎనభై మూడేళ్ళ ముఖానికి ఆ మెత్తదనం చెడ్డదేమీ కాదు. చేతులు మాత్రం ఎఫ్4 దగ్గర తీయించాను, ముడతలన్నీ కనబడాలని. రెండో నెలకల్లా అమ్మ కెమెరాను పట్టించుకోవడం మానేసింది. మంచివన్నీ ఆ తర్వాత వచ్చినవే.

నవంబరులో ఇల్లు అప్పగించాం. పడగొట్టిన వారంలోనే దుకాణం నుంచి అమ్మాయికి ఫోను, కొత్త కెమెరా వచ్చిందని. తీసుకోనని చెప్పింది. ఆ మిగిలిన డబ్బులో కొంత పెట్టి అరవై ఫొటోలు ప్రింటు వేయించి, మూడు ఆల్బములు కట్టించాం, మా ముగ్గురికీ ఒక్కొక్కటి. కింద పేర్లు తెలుగులోనూ కన్నడంలోనూ రాయించాం, ఎందుకంటే మా ఇళ్ళల్లో పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం అందరికీ రాదు. ఈ పత్రిక చదివే చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి అనుకుంటాను.

పాతది కొనదలచినవారికి కొన్ని జాగ్రత్తలు. అసలు బిల్లు అడగండి, దాని మీది నంబరు కెమెరా అడుగున ఉన్న నంబరుతో కలుస్తోందా చూడండి. బయటి దేశాల నుంచి తెచ్చినదైతే ఇక్కడ గ్యారంటీ చెల్లకపోవచ్చు. లెన్సును ఎఫ్16కు మూసి తెల్లటి గోడనో ఆకాశాన్నో తీయండి. మచ్చలు కనబడితే లోపల దుమ్ము చేరిందని అర్థం. లెన్సు ఊడదు కాబట్టి ఆ దుమ్ము మనం దులపలేం, సర్వీసుకు ఇచ్చి విప్పించాలి. మన ఎర్రమట్టి ఊళ్ళవాళ్ళు ఇది తప్పకుండా చూడాలి. చక్రాలన్నీ ఒక్కొక్క గీత తిప్పి చూడండి. మొదటి మోడల్లో కొన్నిటికి లెన్సులోని రేకులు అంటుకుపోయే జబ్బు ఉండేది. ఎఫ్2 దగ్గరా ఎఫ్16 దగ్గరా వరసగా నాలుగైదు తీసి, వెలుగు సమానంగా వస్తోందో లేదో చూస్తే తెలిసిపోతుంది. మొదటిదీ ఎస్సూ చవకగా దొరికినా ఇంటికి ఒకే కెమెరాగా నేను సిఫారసు చేయను. మొదటిది ఫోకసు చేయడంలో నిదానం, పసిపిల్లలున్న ఇంట్లో దానితో వేగలేరు. టి పరవాలేదు, వైఫై ఉంది, కాని బ్యాటరీ పాత రకమే.

ఇల్లు, ముసలివాళ్ళు, పసిపిల్లలు, చిన్న పేరంటాలు తీసుకునేవారికి బాగున్న ఎఫ్ చాలు. కట్టడాలు, గుళ్ళు, రాత్రి వీధులు తిరిగి తీసేవారు, అప్పు చేయకుండా కొనగలిగినవారు ఆరు తీసుకోండి, డబ్బుకు తగ్గ వస్తువే. వి మాత్రం సరసమైన ధరకు దొరికితేనే. రికో జీఆర్ అని ఇంకొకటి ఉంది, చొక్కా జేబులో పడుతుంది, కాని కన్ను పెట్టి చూసే గాజుకిటికీ లేదు. ఎండలో తెర కనబడక విసుగేస్తుంది.

మా తమ్ముడి కూతురు ఇప్పుడు రెండో శనివారాలు బీదరు వస్తోంది. అమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. నాకు ఆ రోజు బ్యాంకు సెలవు. ఎఫ్‌ను చేతిలోకి తీసుకుని చూడదలచినవారు నౌబాదు వైపు వస్తే సంకోచించకుండా మా ఇంటికి రావచ్చు. ఇంట్లో బిద్రి డబ్బా ఒకటి ఉంచాను, ఆ చక్రం తిప్పే కిటుకు అక్కడే చూపిస్తాను.